మూడోసారి నీళ్ళలో దిగే ముందు

ప్రశ్న: పదహారో ఏట మా ఊరి బాప్టిస్టు చర్చిలో బాప్తిస్మం తీసుకున్నాను. హైదరాబాదు వచ్చాక చేరిన సహవాసంలో అది చెల్లదని యేసు నామంలో మళ్ళీ ఇచ్చారు. ఇప్పుడు వెళ్తున్నచోట ఆ రెండూ మారుమనస్సు లేకుండా తీసుకున్నవే అంటున్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం తేదీ కూడా ఇచ్చారు. దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు చర్చికివ్వడం, తప్పను. కూటాల్లో చెయ్యెత్తి సమర్పించుకుంటాను, మూడు నెలలకే చల్లారిపోతాను. మూడోది తీసుకుంటే విశ్వాసం నిలబడుతుందా? నాన్నకు ఇదంతా గిట్టదు. ఎప్పుడూ అదే బెంచీ, అదే అట్ట ఊడిన కీర్తనల పుస్తకం, ఆత్మీయ ఎదుగుదల లేదు. ఓ క్రిస్మస్ రోజు చర్చి మెట్ల మీద ‘నువ్వు నామకార్థ క్రైస్తవుడివి’ అన్నాను. ఐదేళ్ళుగా మాటల్లేవు. ఆయన షుగరు మందులు చెల్లెలు చూసుకుంటుంది.
– ఒంగోలు దగ్గరి ఊరివాడు, 38

జవాబు: నిలబడదు. మీరడిగినదానికి జవాబు అంతే. ఏ బాప్తిస్మం చెల్లుతుందో తేల్చడానికి నేను పాస్టరమ్మను కాను. 1525లో జ్యూరిక్‌లో కొందరు మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నప్పుడు రేగిన తగువే ఇంకా తెగలేదు.

నేను ఆగింది మీ ఉత్తరం చివర. మందుల మాట అంత తేలిగ్గా ఎలా రాశారు బాబూ? ‘నా వల్ల నీకు అందాల్సింది కొర్బాను, దేవుడికిచ్చేశాను’ అని తల్లిదండ్రులకు చెయ్యి దులిపేసినవాళ్ళను ప్రభువు ఎలా మందలించాడో మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. దశమభాగం లెక్క తప్పనివాళ్ళు ఆ అధ్యాయం కూడా చదివే ఉంటారు.

ఇక నామకార్థం. మీ ప్రాంతం కథ మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది, మీకే తెలిసినట్టు లేదు. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం పని ఒప్పుకుని జనానికి కూలి చూపించాడు. ఆ కరువు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు, కూటి కోసం కలిశారన్న మాట పడకూడదని. ఇచ్చింది ఆ తర్వాతే. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది. వాళ్ళకు ఆగమన్నారు, ఆగారు. మీకేమో అడక్కముందే తేదీ ఇచ్చేస్తున్నారు!

అదే బెంచీ అని వెక్కిరించారు. పాస్టర్లు మారి ఉంటారు, సంఘంలో తగాదాలు వచ్చి ఉంటాయి, ఆయన లేచి వెళ్ళలేదు. కీర్తనల పుస్తకానికి అట్ట ఊరికే ఊడుతుందా? మీరు మూడు నెలలు నిలబడలేకపోతున్నది ఆ మనిషి ఇన్నేళ్ళుగా నిలబడ్డచోటే. మీ పెద్దలు మీకు చెప్పారో లేదో గానీ, నా లెక్కలో కన్నతండ్రితో మాట్లాడనివాడికి సాక్ష్యం చెప్పే హక్కు లేదు.

వాళ్ళిచ్చిన తేదీకి ముందు శనివారం రాత్రే ఒంగోలు బస్సెక్కండి. చెల్లెల్ని మందుల చీటీ అడిగి ఈ నెలవి మీరు కొనండి. పొద్దున ఆయన పక్కన, అదే బెంచీలో కూర్చోండి. బాప్తిస్మం ఊసెత్తకండి. ఆ మాట నలుగురిలో అన్నారు కాబట్టి క్షమాపణ కూడా ఆ మెట్ల మీదే, నలుగురూ ఉండగానే అడగండి, ఫోన్లో కాదు. మొహం తిప్పుకుంటారేమో, తిప్పుకోనివ్వండి. పై నెలా వెళ్ళండి.

మళ్ళీ నాకు రాయాలనిపిస్తే, నాలుగో నెల కూడా వెళ్ళొచ్చాక రాయండి.