నాన్నగారి మరణంతో నోటు గడువు ఆగదు

ప్రశ్న: మాది పరకాల. ఉపాధ్యాయుడిగా రిటైరైన మా నాన్నగారు 2025 మే నెలలో వరంగల్ ఆసుపత్రిలో మరణించారు. అమ్మ, నేను, తమ్ముడు, చెల్లెలు వారసులం. నాన్నగారి స్నేహితుడొకరు ఎరువుల దుకాణం కోసం 12 డిసెంబరు 2022న ప్రామిసరీ నోటు రాసి, నూటికి రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు తీసుకున్నారు. నాన్నగారి పాడె మోసిన ఆ మనిషి ఇప్పుడు మా ఫోను ఎత్తడం లేదు. మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు తప్పుపడింది. అది దిద్దించి, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, సక్సెషన్ సర్టిఫికెట్ (బాకీల వసూలుకు వారసులకు కోర్టు ఇచ్చే పత్రం) వచ్చాక దావా వేద్దామనుకుంటున్నాం. నోటు వెనుక నా పేరిట బదిలీ రాసి, పాత తేదీతో నాన్నగారి సంతకం పెడితే సక్సెషన్ సర్టిఫికెట్ అక్కర్లేదని పత్రాలు రాసే ఒకాయన అంటున్నారు. నోటు పాడవకూడదని లామినేషన్ చేయించాం. ఎవరెవరికి ఎంత ఇచ్చారో నాన్నగారు డైరీలో రాసుకున్నారు. ఆయన ఫోను తమ్ముడి కొడుకు వాడుతున్నాడు. పింఛను ఇంకా ఖాతాలో పడుతూనే ఉంది. మేం ఏం చేయాలి? (ఉత్తరాన్ని కుదించాం.)

జవాబు: మీ ఉత్తరంలో రెండు పేజీలు ఆ స్నేహితుడి విశ్వాసఘాతుకం గురించే ఉన్నాయి. పాడె మోశాడా లేదా అన్నది కోర్టుకు అక్కర్లేదు. మీ కేసును తేల్చేది ఒక్క తేదీ, 12 డిసెంబరు 2022. దాన్ని మీరు ఏదో వివరంలా మధ్యలో రాసి వదిలేశారు.

అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటు మీద, నోటు తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. 1963 నాటి కాలపరిమితి చట్టం చెప్పేది ఇదే. మీ నోటుకు ఆ గడువు 12 డిసెంబరు 2025, శుక్రవారంతో ముగుస్తుంది. మరునాటికి నోటుకు కాలదోషం పడుతుంది. ఈ 2025 అక్టోబరు నెలలో మీ చేతిలో ఉన్నది రెండు నెలల చిల్లర సమయం. గడువు ఒకసారి మొదలైతే అప్పిచ్చినవారు మరణించినా ఆగదు. సర్టిఫికెట్ల కోసం తిరిగిన కాలాన్ని మినహాయించరు. వకీలు నోటీసు పంపితే గడువు పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. అదీ నిజం కాదు.

మీరు వేసుకున్న వరుసక్రమమే తలకిందులుగా ఉంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 214వ సెక్షన్ ప్రకారం, మరణించిన వ్యక్తికి రావలసిన బాకీ మీద వారసులకు డిక్రీ (బాకీ చెల్లించమనే కోర్టు ఉత్తర్వు) ఇవ్వాలంటే సక్సెషన్ సర్టిఫికెట్ చూపాలి. డిక్రీకి మాత్రమే సుమా, దావా వేయడానికి కాదు. కనుక దావా ఇప్పుడే వేయండి. సర్టిఫికెట్ కోసం వేరే పిటిషను అదే వారంలో దాఖలు చేయండి, అందులో ఈ బాకీని స్పష్టంగా చూపండి. నోటీసులు, పత్రికా ప్రకటన అయ్యేసరికి నెలలు పడుతుంది. అది చేతికందాక, డిక్రీకి ముందు దావాలో దాఖలు చేస్తే సరిపోతుంది. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దీనికి బదులు కాదు.

వాదులుగా నలుగురూ ఉండాలి. వారసుల పేర్లు చెప్పినప్పుడు తప్ప చెల్లెలి ఊసు మీ ఉత్తరంలో ఇంకెక్కడా లేదు కనుక ముందే చెబుతున్నాను. పెళ్లప్పుడు ఏం పెట్టారన్నదానితో నిమిత్తం లేదు. 1956 హిందూ వారసత్వ చట్టంలో మీకెంత వాటా ఉందో ఆమెకూ అంతే. ఆమె సంతకానికి ఆలస్యమయ్యేలా ఉంటే ప్రతివాదిగా చూపి దావా వేయండి, పేరు మాత్రం వదలొద్దు.

ఇక ఆ పత్రాల రాతగాడి సలహా. చనిపోయిన మనిషి సంతకం పెట్టి నోటు బదిలీ చేయడం ఫోర్జరీ. విలువైన పత్రాన్ని ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలు, యావజ్జీవం కూడా పడవచ్చు. మీ నాన్నగారు ప్రభుత్వ ఉపాధ్యాయులు. సర్వీసు పుస్తకంలో, పింఛను కాగితాల్లో, బ్యాంకులో ఆయన సంతకాలు కొల్లలుగా ఉంటాయి. అవతలి వకీలు వాటిని తెప్పించి నిపుణుడికి పంపమంటాడు. ఆ రోజు బాకీదారు సాక్షిగా నిలబడతాడు, మీరు ముద్దాయిగా నిలబడతారు. పాత తేదీతో నోటు వెనుక వెయ్యో రెండు వేలో ముట్టినట్టు చెల్లు రాసి గడువు పెంచుకుందామని రేపు ఇంకొకరు చెప్పవచ్చు. అదీ ఇదే నేరం. సలహా ఇచ్చినాయన ఆ రోజు కోర్టు ఛాయలకు కూడా రాడు.

లామినేషన్ ఎవరు చేయించమన్నారు? పెళ్లి ఫొటోకు చేసే పని అసలు నోటుకు చేస్తారా? సంతకం నాది కాదని ప్రతివాది అంటే, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా పడిన ఆ సంతకంలో సిరా ఎలా దిగింది, కలం ఎక్కడ నొక్కింది అన్నది నిపుణుడు చూడాలి. ప్లాస్టిక్ పొర కింద అది కష్టం. అలాగని పీకే ప్రయత్నం చేయకండి, స్టాంపుతో సహా ఊడివస్తుంది. ఉన్నది ఉన్నట్టు వకీలుకు అప్పగించండి. ఎప్పుడు, ఎందుకు చేయించారో దావాలోనే చెప్పండి.

నాన్నగారు లేరు కనుక నోటు రాసినప్పుడు అక్కడున్నవారే మీకు బలం. సాక్షి సంతకాలు చేసినవారు, దస్తూరి రాసినవారు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో ఈ వారమే కనుక్కోండి. సంతకం బాకీదారుదేనని రుజువైతే, సొమ్ము ముట్టిందని చట్టమే మీ తరఫున ఊహిస్తుంది. ముట్టలేదని రుజువు చేసుకోవలసిన భారం అతడి మీద పడుతుంది.

తమ్ముడి కొడుకు నుంచి ఆ ఫోను ఈ రోజే తీసుకోండి. వచ్చే నెల ఇస్తానన్న వాట్సాప్ సందేశం ఒక్కటి ఉన్నా పనికొస్తుంది. ఏదీ చెరపకండి, సిమ్ రద్దు చేయించకండి. బ్యాంకు స్టేట్‌మెంటు కూడా తెప్పించండి. బాకీదారు తన సంతకంతో చెక్కు ఇచ్చి వడ్డీ కట్టి ఉంటే, ఆ చెల్లింపు తేదీ నుంచి కొత్త గడువు వస్తుంది. డైరీలో నాన్నగారు రాసుకున్న జమలకు ఆ విలువ లేదు, అది ఆయన చేతిరాత కదా.

ఆ డైరీ సంగతి జాగ్రత్త. అప్పులు ఎందరికి, ఎంత వడ్డీకి ఇచ్చారో మీ వకీలుకు దాచకుండా చెప్పండి. లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేశారన్న వాదన, తెలంగాణ ప్రాంత వడ్డీ వ్యాపారుల చట్టం కింద ఇక్కడి ప్రతివాదులు తరచూ తెచ్చేదే. తెలిసినవాళ్లకు ఒకటీ అరా చేబదుళ్లు ఇచ్చినంత మాత్రాన వ్యాపారం కాదు. పదిమంది పేర్లుంటే మాత్రం జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి.

మరణ ధ్రువపత్రం కోసం పరకాలలో తిరగకండి. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. వరంగల్ నగరపాలక సంస్థలో మరణాల రిజిస్ట్రారుకు ఆధార్, పింఛను పత్రం జతచేసి సవరణకు దరఖాస్తు చేయండి. దావా దాని కోసం ఆగక్కర్లేదు. రెండు ఇంటిపేర్లూ ఒకే వ్యక్తివని దావాలో రాస్తే చాలు.

మరణం తరువాత పడిన పింఛను మీది కాదు. ఏటీఎం కార్డుతో తీస్తూ ఉంటే అది వేరే కేసు అవుతుంది. సబ్ ట్రెజరీకి మరణవార్త రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు నకలు మీద ముద్ర వేయించుకోండి. అమ్మకు కుటుంబ పింఛను దరఖాస్తు కూడా అక్కడే ఇవ్వండి. ఎక్కువగా పడిన సొమ్ము వారు రాబట్టుకునేదాకా ఖాతాలోంచి తీయకండి.