రాలిన వెంట్రుకే కారణం చెబుతుంది: లాష్ ఎక్స్‌టెన్షన్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హైదరాబాదులో కోర్సు చేసి వచ్చి కర్నూలులో ఇంటి ముందు గదిలోనే లాష్ పని, అంటే కనురెప్ప వెంట్రుకలకు కృత్రిమ వెంట్రుకలు (ఎక్స్‌టెన్షన్లు) అతికించే పని, మొదలుపెట్టాను. అదే గ్లూ, అదే పద్ధతి. డిసెంబరులో మూడు వారాలు నిలిచినవి ఏప్రిల్ వచ్చేసరికి వారానికే ఊడుతున్నాయి. "అక్కా, దిండు నిండా రాలిపాయె" అని కస్టమర్లు ఫోన్లు చేస్తున్నారు. గ్లూ కంపెనీ మార్చమంటారా?
– ఒక సోదరి, కర్నూలు

జవాబు: కంపెనీ మార్చే ముందు గదిలో తేమ ఎంతుందో చూపే హైగ్రోమీటర్ ఒకటి కొనండి. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. మనం వాడే గ్లూలు దాదాపు అన్నీ సయనోయాక్రిలేట్ రకమే. అవి ఆరిపోయి గట్టిపడేవి కావు, గాలిలోని తేమను పట్టుకుని గట్టిపడేవి. చాలా గ్లూలకు 45 నుంచి 60 శాతం తేమ, 20 నుంచి 24 డిగ్రీల వేడి కావాలి. మీ బాటిల్‌కు ఎంత కావాలో దాని డబ్బా మీదే ఉంటుంది, చూడండి. కర్నూలులో ఏప్రిల్ మధ్యాహ్నం బయట 40 డిగ్రీలు దాటుతుంది, తేమ 30 శాతం కంటే దిగువకు పడిపోతుంది. ఏసీ వేస్తే వేడి తగ్గుతుంది గానీ ఉన్న కాస్త తేమనూ అది లాగేస్తుంది. అప్పుడు గ్లూ తొందరగా పట్టదు. మీరు ట్వీజర్ వదిలేసరికి వెంట్రుక పక్కకు వాలి, పక్కదానికి అంటుకుంటుంది. గ్లూ ఆవిరి కూడా ఎక్కువ సేపు వస్తుంది కాబట్టి కళ్లు మండుతాయి.

కూలర్ పెట్టేవాళ్లకు దీనికి తిరగబడిన కష్టం. కూలర్ గాలి నేరుగా బెడ్ మీదికి కొడితే అక్కడ తేమ 70 దాటిపోతుంది. ఎక్స్‌టెన్షన్ రెప్ప వెంట్రుకను తాకక ముందే గ్లూ పైపొర గట్టిపడుతుంది. చూడటానికి అతుక్కున్నట్టే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు.

మీ గదిలో ఏది జరుగుతోందో రాలిన వెంట్రుకే చెబుతుంది. కస్టమర్లను రాలినవి ఒక కాగితంలో దాచి తెమ్మనండి, భూతద్దం కింద చూడండి. ఎక్స్‌టెన్షన్‌తో పాటు సొంత వెంట్రుక కూడా వచ్చి ఉంటే అది సహజంగా రాలిందే. రోజుకు ఒకటి నుంచి ఐదు వరకు రాలడం మామూలే. ఎక్స్‌టెన్షన్ ఒక్కటే వచ్చి, మొదట్లో గ్లూ ఉండలా కనిపిస్తే, అతికించక ముందే గ్లూ గట్టిపడిందన్నమాట. లేదా రెప్ప మీద జిడ్డు, కాటుక పోలేదు. గ్లూ తెల్లగా బూడిద పూసినట్టు ఉంటే తేమ మరీ ఎక్కువైంది, లేకపోతే గ్లూ మోతాదు మించింది. రెండు మూడు వెంట్రుకలు కలిసి ఊడితే ఐసొలేషన్, అంటే ఒక్కో వెంట్రుకను పక్కవాటి నుంచి విడదీసి పట్టడం, సరిగా లేదు. ఒక కంటివే ఎక్కువ రాలితే ఆ పక్కకు తిరిగి పడుకుంటున్నారేమో అడగండి.

ఇక ఎండాకాలం చేయాల్సినవి. ఏసీ 24లో పెట్టి, బెడ్‌కు దూరంగా, గాలిలో తేమ పెంచే చిన్న హ్యూమిడిఫైయర్ నడపండి. ముఖానికి ఎదురుగా వద్దు. మీటర్ 45 దాటాకే గ్లూ బాటిల్ మూత తీయండి. ఎంత చేసినా తేమ 40 దగ్గరే ఆగిపోతుంటే తొందరగా పట్టే, అంటే ఒక సెకను రకం గ్లూ తీసుకోండి. ఆగస్టు, సెప్టెంబరు వానల్లో దాన్ని పక్కన పెట్టి రెండు మూడు సెకన్ల రకానికి మారండి. ఏడాదంతా ఒకే గ్లూతో నడపాలనుకోవడమే ఇక్కడ చాలామంది చేస్తున్న తప్పు.

బాటిల్‌ను వాడే ముందు అర నిమిషం నుంచి నిమిషం దాకా బాగా కుదపండి. గ్లూ వేసుకునే చిన్న రాతి పలక మీది చుక్కను 15 నుంచి 20 నిమిషాలకోసారి మార్చండి. ట్వీజర్ పైకి లేపినప్పుడు దారంలా సాగిందంటే టైమ్ చూడక్కర్లేదు, అప్పుడే మార్చేయండి. మూత తీయని బాటిల్ ఫ్రిజ్‌లో ఉండొచ్చు, కానీ బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా తెరవకూడదు, లోపల నీరు చేరుతుంది. ఒకసారి తెరిచింది మళ్లీ ఫ్రిజ్‌లోకి పోకూడదు. సిలికా జెల్ పొట్లం వేసిన గాలి చొరని డబ్బాలో నిలబెట్టి, నెల రోజుల్లో వాడేయండి. తెరిచిన తేదీ బాటిల్ మీదే రాయండి. బాటిల్ మూతి తుడవడానికి దూది వాడొద్దు. ఈ గ్లూ దూదికి, నూలు బట్టకు తగిలితే ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుతుంది. నూలు చుడీదార్ మీద ఒలికిందంటే వెంటనే బట్టను ఒంటికి దూరంగా లాగి పట్టుకోండి.

ప్రశ్న: పార్లర్‌లో ఒక సెట్ వేయడానికి నాకు మూడున్నర గంటలు పడుతోంది. మా ఓనరమ్మ రెడీమేడ్ క్లస్టర్లు (ముందే గుత్తిగా చేసిన కృత్రిమ వెంట్రుకలు) అతికించి గంటలో పంపేయమంటున్నారు. అవి మంచివేనా?
– లాష్ టెక్నీషియన్, కడప

జవాబు: ఒక్కరోజు ఫంక్షన్‌కు వేసి ఆ రాత్రే తీసేసే క్లస్టర్లు వేరు, మూడు వారాలుండే సెలూన్ గ్లూతో క్లస్టర్లు అతికించడం వేరు. రెండోది ఒప్పుకోకండి. రెప్ప వెంట్రుకలన్నీ ఒకే వేగంతో పెరగవు. ఒకటి కొత్తగా మొలుస్తుంటే పక్కది రాలడానికి సిద్ధంగా ఉంటుంది. క్లస్టర్ కింద మూడు నాలుగింటిని కలిపి అతికిస్తే పెరిగేది పెరగనిదాన్ని కుదుళ్లతో లాగుతుంది. నొప్పి, దురద మొదలవుతాయి. ఇలాగే మళ్లీ మళ్లీ జరిగితే ఆ చోట వెంట్రుక సన్నబడి, చివరికి మొలవడమే ఆగిపోవచ్చు. ఆ ఖాళీ కస్టమర్‌కు మిగులుతుంది, మాట మీకు వస్తుంది.

మూడున్నర గంటలు కొత్తవాళ్లకు మామూలే. చేయి కుదిరాక క్లాసిక్ సెట్ (ఒక్కో సొంత వెంట్రుకకు ఒక్కో ఎక్స్‌టెన్షన్) రెండు, రెండున్నర గంటల్లో అవుతుంది. ఎక్కడ సమయం పోతోందో ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి. ఎక్కువగా ఐసొలేషన్‌లోనే పోతుంది. ఎడమ చేతి ట్వీజర్‌తో ఒక్క వెంట్రుకను విడదీసి, అది పక్కకు తప్పుకోకుండా పట్టి ఉంచడం మీద రోజూ అరగంట ప్రాక్టీస్ తల (బొమ్మ తల) మీద సాధన చేయండి. ఆ అరగంట గ్లూ ముట్టొద్దు. అది వచ్చాక కుడి చేయి దానంతటదే వేగం అందుకుంటుంది. ఎక్స్‌టెన్షన్ మొదలు చర్మానికి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దూరంలో ఉండాలి. చర్మాన్ని తాకితే గుచ్చుతుంది, మరీ పైకి పోతే వారంలోనే తిరగబడుతుంది.

మందం విషయంలో ఆశపడొద్దు. సన్నని రెప్పలకు 0.10 లేదా 0.12 మిల్లీమీటర్లు, బలమైనవాటికి 0.15 చాలు. పొడవు సొంత వెంట్రుక కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మించకూడదు. "ఇంకా పొడుగ్గా వేయి" అని కస్టమర్ అడిగితే, 14 మిల్లీమీటర్ల పొడవు, 0.20 మందం ఉన్నవి వేస్తే రెప్ప కిందికి వాలి కళ్లు అలసినట్టు కనిపిస్తాయని ఒక్క వెంట్రుక పెట్టి అద్దంలో చూపించండి. వాదన అక్కడే తెగిపోతుంది.

ప్రశ్న: రాలినవాటి చోట కొత్తవి వేసే రీఫిల్ మూడోసారి చేయించుకున్న మర్నాడు రెండు రెప్పలూ వాచి, ఒకటే దురద. మొదటి రెండుసార్లు ఏమీ కాలేదు. సెన్సిటివ్ గ్లూతో వేస్తే సరిపోతుందని పార్లర్ వాళ్లు అంటున్నారు.
– ఒక కాలేజీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: మీరు చెప్పింది అలర్జీ లక్షణం. కన్ను లోపలి తెల్లగుడ్డు ఎర్రబడి, పని అయిన గంటలోపే మొదలై ఒకటి రెండు రోజుల్లో తగ్గితే అది గ్లూ ఆవిరి వల్లో, కింద పెట్టిన ప్యాడ్ కంటికి ఒరుసుకునో వచ్చిన మంట. అలర్జీ అలా ఉండదు. రెప్పలు ఉబ్బుతాయి, దురద ఉంటుంది, చాలాసార్లు కొన్ని గంటలు లేదా ఒక రోజు ఆగి వస్తుంది. ఎన్నిసార్లు పడినా ఆ తర్వాత పడకపోవచ్చు, పైగా వేసిన ప్రతిసారీ ఇంకా ఎక్కువవుతుంది. సెన్సిటివ్ అని రాసిన గ్లూల్లోనూ ఎక్కువగా ఉండేది సయనోయాక్రిలేటే. కాబట్టి ఇక వద్దు, ఉన్నవి తీయించేసుకోండి.

చల్లటి నీళ్లలో తడిపిన శుభ్రమైన గుడ్డ వేసుకుంటే ఉపశమనం. మెడికల్ షాపులో అడిగి కంటి చుక్కలు మాత్రం వేసుకోవద్దు. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు డాక్టరు చూడకుండా వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి చూపుకే ప్రమాదం. నొప్పి, చూపు మసక, వెలుతురు చూడలేకపోవడం, పుసి – వీటిలో ఏది ఉన్నా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

టెక్నీషియన్లకు ఒక మాట. కొత్త కస్టమర్‌కు రెండు కళ్ల బయటి కొసల్లో నాలుగైదు వెంట్రుకలు మాత్రం వేసి 24 నుంచి 48 గంటలు చూడటమే ప్యాచ్ టెస్ట్. కళ్ల కలక, కంటి కురుపు ఉన్నవాళ్లను వెనక్కి పంపాలి. కంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు తమ డాక్టరు సరేనన్నాకే రావాలి. ఈ గ్లూ మీక్కూడా పడకుండా పోవచ్చు. తుమ్ములు, దగ్గు, వేళ్ల మీద పొక్కులు మొదలైతే తేలిగ్గా తీసుకోవద్దు. మాస్కు, నైట్రైల్ గ్లౌజులు, గాలి బయటికి లాగే ఫ్యాను మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి. లాష్‌లు ఎప్పుడు వేయించాలి? నలుగు, మంగళస్నానం ఉంటాయి కదా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: ప్యాచ్ టెస్ట్ పది రోజుల ముందే చేయించండమ్మా. అసలు పని పెళ్లికి రెండు రోజుల ముందు పెట్టుకోండి. పెళ్లికూతుర్ని చేసే రోజు ముందే ఉంటే నలుగు అయ్యాక, నూనె జిడ్డు పూర్తిగా పోయాక వేయించడం మేలు. లాష్‌లు వేశాక నలుగు ఉంటే నూనె, పిండి చెంప ఎముక కిందివరకే రాయమని ముత్తైదువలకు ముందే చెప్పండి. వేసిన 24 గంటలు నీళ్లు, ఆవిరి తగలకూడదు. ఆ తర్వాత మంగళస్నానానికి అడ్డేమీ లేదు. తల వెనక్కి వంచి పోయండి, తర్వాత రెప్పలను ఫ్యాను గాలికి ఆరనిచ్చి చిన్న బ్రష్‌తో దువ్వండి.

హోమం పొగకు కళ్లు నీళ్లు కారితే టిష్యూ అంచుతో అద్దుకోవాలి, కొంగుతో రుద్దకూడదు. కాటుక కింది రెప్పకే పెట్టండి. లాష్‌లు ఉన్నాయని మేకప్ చేసేవాళ్లకు చెబితే మస్కారా వేయరు, నూనె ఉన్న రిమూవర్ వాడరు.

ప్రశ్న: ఇంట్లోనే తీసేసుకోవచ్చా? నెయిల్ పాలిష్ రిమూవర్ చాలంటున్నారు.
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: అందులో చాలావరకు అసిటోన్ ఉంటుంది, అది కంటి దరిదాపుల్లోకి రాకూడదు. గోళ్లతో లాగితే సొంత వెంట్రుకలు కూడా వస్తాయి, అవి మళ్లీ నిండుగా రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. టెక్నీషియన్ దగ్గర క్రీమ్ రిమూవర్ పూసి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచితే జారిపోతాయి. నీళ్లలా కారే రిమూవర్ కంటిలోకి దిగుతుంది, క్రీమే అడగండి. వెళ్లలేకపోతే రోజూ నురుగు క్లెన్సర్‌తో శుభ్రం చేసుకుంటూ వదిలేయండి. సొంత వెంట్రుకలు రాలే కొద్దీ అవీ పోతాయి.