చెరువుకు సింగారం వద్దు చిట్టీ

చిట్టీ,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. అమీన్‌పూర్ దగ్గరికి మారి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే అపార్ట్‌మెంట్ వాళ్లంతా కలిసి వెనకున్న కుంటను బాగుచేద్దామనుకోవడం మంచిదే. కానీ చుట్టూ వాకింగ్ ట్రాక్, రంగు లైట్లు, అంచున ఉన్న తుంగ పీకించి ఐదొందల మొక్కలు అన్నావు చూడు, అక్కడ నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెప్తే వాదన అవుతుందని రాస్తున్నాను.

ముందు నా ఘనకార్యం ఒకటి విను. మీ అమ్మకు కూడా తెలీదు. బ్యాంకులో చేరిన కొత్తలో మా పక్కింటివాళ్లు కలిసొస్తుందని నక్షత్ర తాబేలును పెంచేవాళ్లు. ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని నాకు అంటగట్టారు. నోరులేని జీవానికి ఈ చెర ఎందుకని ఒక ఆదివారం సైకిల్ మీద తీసుకెళ్లి చెరువులో వదిలేశాను. తాబేలంటే నీళ్లే కదా! పుణ్యం చేశానన్న సంబరంతో దారిలో ఇరానీ చాయ్ కూడా తాగాను. అది నేల తాబేలని, ముళ్లపొదల్లో, గడ్డిలో బతికేదని, నీళ్లలో వదిలితే మునిగిపోతుందని తర్వాత ఎన్నేళ్లకో తెలిసింది. ఇప్పుడు ఆ జాతికి ముప్పు ముంచుకొచ్చి, దాంతో అంతర్జాతీయ వ్యాపారం చేయకుండా 2019లో నిషేధం పెట్టారు. మన చట్టం ప్రకారం ఇంట్లో పెంచడం కూడా నేరమే. నేను చేసిందానికి మాత్రం ఏ కేసూ పడలేదు.

అందుకే అడుగుతున్నాను. ఒక్క ఏడాది ఏమీ చేయకుండా ఆ కుంటను ఊరికే చూడు. వారానికి ఒకరోజు పొద్దున్నే ఒక నోట్‌బుక్ పట్టుకుని వెళ్లు. ఏ పిట్ట వచ్చింది అన్నది సరే, అది ఎక్కడ నిలబడింది, ఏం తింటోంది అన్నది రాసుకో. అసలు సంగతంతా అక్కడే ఉంటుంది.

నువ్వు పీకించాలనుకుంటున్న ఆ తుంగలో, జమ్ములో బుడబుంగ అనే చిన్న నీటిపిట్ట గూడు కట్టుకుంటుంది. నీళ్ల మీద తేలే గూడు, తుంగ ఆసరా లేకపోతే కొట్టుకుపోతుంది. ఎర్రకాళ్ల కొంగ అయితే ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఆడిస్తూ, చేప తగలగానే టక్కున మూస్తుంది. కళ్లతో వెతికేది తక్కువ, తడిమి పట్టేదే ఎక్కువ. దానికి మోకాలి లోతు నీళ్లు కావాలి. పూడిక తీస్తామని జేసీబీ పెట్టి కుంటను బావిలా నిటారుగా తవ్వారనుకో, నీళ్లు నిండుగా కనిపిస్తాయి, కొంగ నిలబడడానికి చోటుండదు. చలికాలంలో మధ్య ఆసియా నుంచి, సైబీరియా నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలు ఆ ఒడ్డు బురదలో పురుగులు ఏరుకుంటాయి. మనకు చీదర అనిపించే చోటే వాటికి వంటిల్లు.

ఇక మొక్కలు. కుంట పక్కన రాళ్లూ రప్పలూ ఉన్న ఖాళీ నేల చూసి 'వేస్ట్ ల్యాండ్' అన్నావు. వేసవిలో తీతువు ఆ గులకరాళ్ల మధ్యే గుడ్లు పెడుతుంది. మామూలుగా నాలుగు, అచ్చం రాళ్ల రంగే. నేనే ఒకసారి అడుగు తీసి అడుగు వేసేలోపు చూసుకున్నాను. తల్లి మీదికొచ్చి అరిచి అరిచి నన్ను తరిమింది. అక్కడ గుంతలు తవ్వి ఐదొందల మొక్కలు నాటితే ఫొటోలు బాగా వస్తాయి, తీతువు మాత్రం రాదు. నాటాలని అంత సరదాగా ఉంటే మీ పార్కింగ్ పక్కన వేపో కానుగో పెట్టండి.

చేతులు దురద పెడితే చేయడానికి వేరే పని చాలా ఉంది. గుర్రపుడెక్క ఉంటే తీయించండి, అది చేటే. మురుగు కాలువ ఎక్కడ కలుస్తోందో వెతకండి, ఆ డెక్కకు తిండి పెడుతున్నది అదే. అల్లుడుగారికి కాగితాల పని బాగా వచ్చు కదా, కుంట ఎఫ్‌టీఎల్ మ్యాప్, అంటే నిండినప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో గీత గీసి చూపే మ్యాప్, తీయించమను. పాతిక ఎకరాలు దాటిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా. రాత్రిళ్లు మట్టి లారీలు అక్కడే దించుతాయి. వెంటనే తేదీతో ఫొటో తీసి ఫిర్యాదు పెట్టండి. ఈ పని బోరుగా ఉంటుంది, పొరుగువాళ్లతో మాటా మాటా కూడా రావచ్చు. మీ అమీన్‌పూర్ పెద్ద చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమని గుర్తింపు వచ్చింది, దేశంలో ఒక చెరువుకు అలా రావడం అదే మొదటిసారి. అయినా బోర్డు పెట్టినంత మాత్రాన మట్టి లారీ ఆగదు.

పిల్లలకు రెండు మాటలు చెప్పు. అక్వేరియంలో పెంచి విసుగొచ్చాక, చెవుల దగ్గర ఎర్రచారలుండే తాబేళ్లను, సక్కర్ చేపలను కుంటలో వదలొద్దు. అవి పైదేశాలవి, మన జీవాల తిండి, చోటు లాక్కుంటాయి. దసరాకు పాలపిట్టను పంజరంలో తెచ్చి చూపించి డబ్బులడిగేవాళ్లు మీ గేటు దాకా వస్తారు. ఇవ్వొద్దు. మీరు డబ్బులిచ్చిన కొద్దీ వచ్చే ఏడు ఇంకొన్నిటిని పడతారు. కరెంటు తీగ మీద కూర్చున్నదాన్ని చూసినా దర్శనమే.

వానాకాలం పాములు వస్తాయి, ఖాయం. ఎక్కువగా జెర్రిపోతులు, నీరుకట్టెలే. వాచ్‌మన్ కర్ర తీయకముందే పాములు పట్టే సొసైటీ నంబరు గేటు దగ్గర రాయించు. ఏదో తెలీనప్పుడు ఎవరూ దగ్గరికి పోవద్దు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర కూడా మన చుట్టూ ఉంటాయి.

నవంబరులో ఒక ఆదివారం వస్తాను. ఆరింటికల్లా గేటు దగ్గరుండు. అల్లుడుగారిని ఆ ఎర్ర టీషర్టు వేసుకోవద్దను, బాతులు లేచిపోతాయి. నా బైనాక్యులర్స్‌లో ఒక అద్దం మసకేసింది, మీ దగ్గర ఇంకోటి ఉంటే తీసి ఉంచు.

మీ మామయ్య