నడుస్తున్న బైకు ఉన్నట్టుండి మొత్తం ఆరిపోయి, కాసేపటికి తనంతట తానే వస్తోంది. బ్యాటరీ, రెగ్యులేటర్ (ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసేది), సీడీఐ (ప్లగ్గుకు నిప్పురవ్వను సమయానికి పంపించే డబ్బా) మార్చినా తగ్గలేదు. లోపం ఎక్కడుంటుంది?

మార్చిన వస్తువుల పట్టికను కాసేపు పక్కన పెట్టండి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట ఒకటుంది: ఇంజను ఆగినప్పుడు న్యూట్రల్ దీపం, హారన్, బ్రేక్ లైటు కూడా పోతున్నాయని, కొంతసేపాగి తాళం తిప్పితే ఏమీ జరగనట్టు అన్నీ వస్తున్నాయని రాశారు. సీడీఐ చెడిపోతే ఇంజను ఆగుతుంది, నిజమే. కానీ హారన్ ఎందుకు ఆగుతుంది? అన్నీ ఒక్కసారే పోయాయంటే, అన్నిటికీ కరెంటు తెచ్చే ఉమ్మడి దారిలోనే ఎక్కడో తెగుతోందన్నమాట. ఆ దారి చాలా చిన్నది. బ్యాటరీ టెర్మినళ్ళు, మెయిన్ ఫ్యూజు, అక్కడి నుంచి తాళం దాకా వచ్చే వైరు, ఇగ్నిషన్ స్విచ్ (తాళంచెవితో తిప్పే స్విచ్), దాని కనెక్టరు, అటు వైపు బ్యాటరీ నెగటివ్ నుంచి ఛాసిస్‌కు, అంటే బండి ఇనప చట్రానికి, వెళ్ళే ఎర్త్ వైరు. అంతే. మిగతా వైరింగ్ జోలికి ఇప్పుడే వెళ్ళనక్కర్లేదు.

ఒకవేళ దీపాలు వెలుగుతూ ఉండి ఇంజను ఒక్కటే ఆగుతుంటే కథ వేరు. అప్పుడు కిల్ స్విచ్ (హ్యాండిలు మీద ఇంజను ఆపే స్విచ్), సైడ్ స్టాండ్ స్విచ్, పల్సర్ కాయిల్ (ఇంజను తిరుగుడును బట్టి సీడీఐకి సంకేతమిచ్చేది), ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ తయారుచేసేది) వైపు వెళ్ళాలి. ఇక్కడ హెడ్‌లైటు సాక్ష్యాన్ని మాత్రం వెంటనే నమ్మకండి. పాత తరహా బండ్లు చాలావాటిలో హెడ్‌లైటుకు బ్యాటరీతో పనే లేదు, ఇంజను తిరిగితే కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వెలుగుతుంది. అందుకే నేను హారన్‌నూ బ్రేక్ లైటునూ అడుగుతాను.

ఇక మీరు రాసిన రెండో విషయం: "మల్టీమీటరుతో చూస్తే అన్నిచోట్లా 12.6 వోల్టులు వస్తున్నాయి, వైరింగ్ బాగానే ఉంది". చాలామంది దారి తప్పేది ఇక్కడే. మీటరు తప్పు చెప్పడం లేదు, మనం అడిగిన ప్రశ్నే అలాంటిది. సాధారణ డిజిటల్ మీటరు లోపలి నిరోధం 10 మెగా ఓముల దాకా ఉంటుంది. అంటే అది కొలిచేటప్పుడు వైరులో పారే కరెంటు మైక్రో ఆంపియరు స్థాయిలో ఉంటుంది. వైరులో ఇరవై ముప్పై పోగులు తెగిపోయి ఒక్క పోగు మిగిలినా ఆ కాస్త కరెంటు హాయిగా దాటుతుంది, మీటరు నిండు వోల్టేజీ చూపిస్తుంది. చీమ దాటిందని వంతెన మీదికి లారీని పంపినట్టే. చిలుము పట్టిన కనెక్టరులో ఒక ఓము నిరోధం ఉందనుకోండి. మీటరుకు అది కనిపించనే కనిపించదు. అదే దారిలో 55 వాట్ల బల్బు వెలిగిస్తే మూడు వోల్టులకు పైనే ఆ ఒక్క చోట తినేస్తుంది.

కాబట్టి కొలవాల్సింది బరువు మోస్తున్నప్పుడు. పద్ధతి ఇది. తాళం తిప్పి, హెడ్‌లైటు బ్యాటరీ మీద నడిచే బండైతే దాన్ని వేసి, బ్రేక్ పెడల్ నొక్కి ఉంచండి. హెడ్‌లైటు బ్యాటరీ మీద లేకపోతే 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి హోల్డరుతో సహా తీసుకుని, స్విచ్ అవతలి వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కలపండి. అది సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది, పరీక్షకు అది చాలు. ఇప్పుడు మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఎర్ర ముల్లును బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ మీద, నల్ల ముల్లును ఇగ్నిషన్ స్విచ్ నుంచి బయటికి వచ్చే వైరు మీద పెట్టండి. రెండూ పాజిటివ్ వైపే. మీటరు చూపించేది దారిలో పోతున్న వోల్టేజీ. అది 0.2, 0.3 వోల్టుల్లో ఉంటే దారి బాగున్నట్టు. అర వోల్టు దాటితే ఎక్కడో అడ్డం ఉంది. ఎర్త్ వైపూ ఇలాగే, బ్యాటరీ నెగటివ్ నుంచి ఛాసిస్ మీద రంగు లేని చోటికి; విడి బల్బు వాడుతుంటే ఈసారి దాని రెండో కొసను నెగటివ్‌కు కాక ఛాసిస్‌కు కలపండి. సెల్ఫ్ స్టార్ట్ ఉంటే దాన్ని నొక్కుతూ ఎర్త్ చూడండి. అంత కరెంటు పారేటప్పుడు ఏ లోపమూ దాగలేదు.

తాళం తిప్పగానే అంకె బాగుంటే సంతోషపడి మూసేయకండి. మీది వస్తూ పోతూ ఉండే లోపం కదా. అంకె మీద కన్ను వేసి ఉంచి హ్యాండిలును పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పండి. తాళంచెవిని అటూ ఇటూ కదపండి. ఫ్యూజు డబ్బాను వేలితో తట్టండి. ట్యాంకు కింద వైరింగ్ కట్టను కొంచెం కొంచెంగా నొక్కుతూ వెళ్ళండి. ఏది ముట్టుకుంటే అంకె ఎగిరిందో అక్కడ ఆగండి.

నా బండికి సరిగ్గా ఇదే జబ్బు వచ్చింది. మలుపుల్లో ఎక్కువ, తిన్నని రోడ్డు మీద తక్కువ. బ్యాటరీ కొత్తది, ఫ్యూజు కొత్తది, చూసిన ప్రతి మెకానిక్‌కూ ఏదో ఒకటి మార్చాలనే ఉండేది. పైన చెప్పినట్టు మీటరు పెట్టి చూస్తే హ్యాండిలు తిన్నగా ఉన్నంతసేపు 0.3 వోల్టులు. ఎడమకు చివరిదాకా తిప్పగానే రెండు వోల్టులు దాటి, బ్రేక్ లైటు కళ్ళముందే మసకబారింది. ఎర్ర ముల్లును కదపకుండా నల్ల ముల్లును ఒక్కొక్క మజిలీ వెనక్కి జరిపాను. స్విచ్ కనెక్టరులోకి వచ్చే వైరు దగ్గర కూడా అదే ఎగురుడు. ఫ్యూజు అవతలి కాలు దగ్గర మాత్రం ఎంత తిప్పినా కదలిక లేదు. అంటే స్విచ్ నిర్దోషి, ఫ్యూజు నిర్దోషి. ఆ రెండిటి మధ్య ఉన్న జానెడు ఎర్ర వైరుది నేరం.

హ్యాండిలు మెడ దగ్గర టేపు విప్పి చూస్తే వైరు పైకి శుభ్రంగా ఉంది. తొడుగు మీద ఒక్క చీలిక లేదు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని రెండేసి అంగుళాల చొప్పున నెమ్మదిగా లాగుతూ వచ్చాను. ఒకచోట అది రబ్బరులా సాగి సన్నబడింది. లోపల రాగి ఉంటే తొడుగు అలా సాగదు. కోసి చూస్తే నల్లగా, అక్కడక్కడా పచ్చగా చిలుము పట్టిన పోగులు, తాకితే పొడిగా రాలేవి కొన్ని, మిగిలినవి రెండో మూడో. సరిగ్గా ఆ చోటే ఎవరో ప్లాస్టిక్ టైతో కట్టను బిగించి ఫ్రేముకు కట్టారు. హ్యాండిలు తిప్పిన ప్రతిసారీ వైరు మొత్తం వంగాల్సింది పోయి ఆ ఒక్క బిందువు దగ్గరే వంగుతూ వచ్చింది.

మీరు ఒక్కో వస్తువు మార్చినప్పుడల్లా కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదలైందన్నారు చూడండి, దానికీ కారణం ఇదే అయి ఉంటుంది. బ్యాటరీ మార్చాలన్నా, రెగ్యులేటర్ మార్చాలన్నా సీటు తీయాలి, కట్టను పక్కకు జరపాలి, కనెక్టర్లు ఊడదీసి మళ్ళీ గుచ్చాలి. ఆ కదలికతో తెగిన పోగులు మళ్ళీ కలుస్తాయి, కనెక్టరు కాళ్ళు రాసుకుని కొంత శుభ్రపడతాయి. పేరు మాత్రం కొత్త వస్తువుకు దక్కుతుంది.

వైరు దొరికితే బాగుచేయడం పెద్ద పని కాదు, కానీ ఎలాగోలా కలిపేస్తే మళ్ళీ తెగుతుంది. మెరిసే రాగి కనిపించేదాకా రెండు వైపులా వెనక్కి కోయండి. చిలుము తొడుగు లోపల కొంత దూరం పాకి ఉంటుంది. నల్లబడిన రాగికి సోల్డర్ పట్టదు. అంతే మందం ఉన్న కొత్త ముక్కను, కొంచెం వదులు ఉండేటంత పొడవుగా వేయండి. అతుకులు వంగే చోట పడకూడదు, ఎందుకంటే సోల్డర్ పాకినంత మేర వైరు పుల్లలా బిగుసుకుని దాని అంచు దగ్గర విరుగుతుంది. అతుకు మీద వేడికి ముడుచుకునే స్లీవ్ వేసి, కట్టను వదులుగా కట్టి, హ్యాండిలును రెండు వైపులా చివరిదాకా తిప్పి ఎక్కడా బిగుతు లేదని చూసుకోండి.

మీ బండిలో లోపం వేరే మజిలీలో ఉండవచ్చు. ఫ్యూజు దగ్గర అంకె ఎగిరితే ఫ్యూజు తీసి డబ్బా లోపల చూడండి. ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారినా, లోపలి బిగింపు వదులైనా అక్కడ వేడెక్కుతోందని అర్థం. కొత్త ఫ్యూజు వేస్తే తీరదు, డబ్బానే మార్చాలి. స్విచ్‌కు ముందు బాగుండి తరువాత ఎగిరితే స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగాయి. తాళంచెవి గుత్తి బరువుగా ఉంటే ఇది త్వరగా వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఎక్కడా ఏమీ దొరక్కపోతే బండిని బాగా తిప్పి, వేడి మీద ఉండగానే ఇదే పరీక్ష మళ్ళీ చేయండి.

కొన్ని జాగ్రత్తలు చెప్పకపోతే మనసొప్పదు. వైరు తొడుగుకు గుండుసూది గుచ్చి కొలవకండి, ఆ రంధ్రం నుంచే వచ్చే వానాకాలం నీళ్ళు దూరతాయి. కనెక్టరు వెనక వైపు నుంచి ముల్లు దూర్చి కొలవవచ్చు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీయండి. ఇంజను నడుస్తుండగా మాత్రం ఎప్పుడూ తీయకండి, ఆ క్షణంలో ఎగిసే వోల్టేజీకి ఎలక్ట్రానిక్ భాగాలు పోతాయి. మీటరు ఆంపియర్లలో ఉండగా బ్యాటరీ రెండు కొసలకూ ముళ్ళు పెట్టకండి. ఫ్యూజు బదులు రేకు ముక్క పెట్టే ఆలోచనే వద్దు.

పాత రెగ్యులేటర్, సీడీఐ పారేయలేదు కదా? లోపం దొరికాక పాత రెగ్యులేటర్‌ను ఒకసారి తగిలించి, ఇంజను వేగం పెంచి బ్యాటరీ మీద వోల్టేజీ చూడండి. 13.5కూ 14.5కూ మధ్య నిలబడితే అది బాగానే ఉన్నట్టు, దాచుకోండి. 15 దాటితే అవతల పెట్టండి.