టోక్యోలో మొదటి వారం: భాష సంగతి తర్వాత, ముందు చెత్త సంగతి చూసుకోండి

"వచ్చే నెల ఆఫీసు తరఫున మూడేళ్ళకి టోక్యో వెళ్తున్నాం, నేనూ మా ఆవిడా. నిషికసాయ్‌లో ఇల్లు చూశారు. మొదటి వారంలో దేనికి ఎక్కువ ఇబ్బంది పడతాం? జపనీస్ ఎంతవరకు నేర్చుకుని వెళ్ళాలి?" అని అడిగారు.

భాష గురించి బెంగ పెట్టుకోకండి. వాళ్ళ మాటలూ మనవాటిలాగే దాదాపు అన్నీ అచ్చులతోనే ముగుస్తాయి, తెలుగు నోటికి ఇట్టే తిరుగుతాయి. షాపుల్లో, హోటళ్ళలో ఫోన్ కెమెరా అనువాదంతో గడిచిపోతుంది. గడవనిది చెత్త దగ్గర. అందుకని విమానం ఎక్కేలోపు ఏడంటే ఏడు అక్షరాలు నేర్చుకోండి, వారాల పేర్లు: గెత్సు, కా, సుయ్, మొకు, కిన్, దో, నిచి. చంద్రుడు, నిప్పు, నీరు, చెట్టు, లోహం, మట్టి, సూర్యుడు. సోమవారం నుంచి వరుసగా పెట్టి చూడండి. నిప్పు కుజుడు, నీరు బుధుడు, చెట్టు గురుడు, లోహం శుక్రుడు, మట్టి శని. అచ్చంగా మన పంచాంగం వరుసే, బౌద్ధ జ్యోతిషంతోపాటు చైనా మీదుగా అక్కడికి చేరింది. ఈ ఏడూ గుర్తుపట్టగలిగితే మీ బిల్డింగ్ ముందున్న చెత్త బోర్డు చదివేయొచ్చు.

టోక్యో 23 వార్డుల్లో మామూలుగా కాల్చే చెత్త (వంటింటి చెత్తలాంటిది) వారానికి రెండుసార్లు, కాల్చనిది (లోహం, పింగాణీలాంటిది) నెలకి రెండుసార్లు, కాగితాలు, సీసాలు, డబ్బాలు వారానికోసారి తీసుకెళ్తారు. ఏ రోజు ఏదన్నది పేటని బట్టి మారుతుంది. రోడ్డుకి అవతలివైపున్న స్నేహితుణ్ణి అడిగి పెట్టారో, తప్పులో కాలేసినట్టే. కాల్చని చెత్తకి "1, 3 బుధవారాలు" అని ఉంటే నెలలో వచ్చే మొదటి, మూడో బుధవారాలని అర్థం. నెల గురువారంతో మొదలైతే మొదటి బుధవారం 7వ తేదీన వస్తుంది. ఈ లెక్క దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

పొద్దున 8 లోపు పెట్టాలి, ముందురోజు రాత్రి కాదు. కవరు లోపలిది కనపడేలా ఉండాలి. నల్ల కవరు పనికిరాదు. అక్కడ ఒక వల ఉంటుంది. కవరుని దాని కిందకి పూర్తిగా తోసి, అంచు మడిచి కిందకి దోపాలి. ఎందుకంటే కాకులు. మన ఊరికాకి కంటే బాగా పెద్దవి, ముక్కు కత్తిలా ఉంటుంది. కవరు మూల బెత్తెడు బయటికి కనిపిస్తే చాలు, చింతపండు పిప్పి, కోడి ఎముకలు రోడ్డంతా పరిచేస్తాయి. రోజు తప్పినా, రకం తప్పినా బండివాళ్ళు కవరు ముట్టుకోరు. ఫలానా తప్పు అని స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేస్తారు. పక్కింటివాళ్ళు మొహం మీద ఏమీ అనరు. రెండు రోజుల తర్వాత లిఫ్ట్ దగ్గర ఫొటోతో సహా నోటీసు వెలుస్తుంది. స్టిక్కర్ చూడగానే మారుమాట లేకుండా కవరు ఇంటికి తెచ్చుకుని, విప్పి, మళ్ళీ వేరు చేసుకోవాలి.

మన వంటింటి చెత్తతో వచ్చే చిక్కులు వేరు. కూరగాయ తొక్కలు, పిప్పి నీళ్ళు పిండేసి వెయ్యాలి. బజ్జీలు వేగిన నూనె సింకులో పొయ్యకండి. దాన్ని గడ్డకట్టించే పొడి సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది, ఒక పొట్లం సుమారు 600 మి.లీ. నూనెకి సరిపోతుంది. స్టవ్ ఆపగానే, నూనె వేడిగా ఉండగానే వేసి కలపాలి. చల్లారాక అట్టులా లేచి వస్తుంది, కాల్చే చెత్తలో పడెయ్యడమే. చల్లారిన నూనెలో వేస్తే పొడి కరగదు, పొట్లం దండగ. ప్లాస్టిక్ సీసా అయితే మూత తీసి, లేబుల్ ఊడబెరికి, కడిగి, నొక్కి పెట్టాలి. రీల్స్ చేసేవాళ్ళు వీధులు అద్దంలా ఉన్నాయని చూపిస్తారే గానీ, ఆ సీసా కడిగిందెవరో ఒక్కడూ చూపించడు.

1995లో మెట్రోలో సారిన్ అనే విషవాయువు దాడి జరిగాక బయట చెత్తబుట్టలు చాలావరకు తీసేశారు. బ్యాగులో ఒక ఖాళీ కవరు ఎప్పుడూ ఉంచుకోండి.

30 సెంటీమీటర్లు దాటిన వస్తువైతే పెద్ద చెత్త కింద లెక్క. నెట్‌లోనో ఫోన్‌లోనో వార్డు కేంద్రంలో తేదీ బుక్ చేసుకుని, చెప్పినంత విలువకి కన్వీనియన్స్ స్టోర్లో స్టిక్కర్లు కొని (200 యెన్‌లది ఒకటి, 300 యెన్‌లది ఒకటి ఉంటాయి), వస్తువు మీద అంటించి ఆ రోజు పొద్దున బయట పెట్టాలి. విమానంలో చక్రం విరిగిన సూట్‌కేసు కూడా దీని కిందికే వస్తుంది. మార్చిలో ఇళ్ళు మారేవాళ్ళు ఎక్కువ, తేదీ దొరకడం కష్టం.

ఇంటి నుంచి మిక్సీ మోసుకెళ్ళమనే సలహాదారులు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. అక్కడ కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల మిక్సీ మూలుగుతుంది తప్ప పప్పు నలగదు. 750 వాట్ల మిక్సీకి మోటారు ఊపందుకునేటప్పటి లోడు కూడా కలుపుకుని 1500 వాట్ల స్టెప్ అప్ (వోల్టేజి పెంచే) ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది ఇటుకల మూటంత బరువు, పైగా ఒక ప్లగ్ మీద అక్కడ లాగగలిగేదే 1500 వాట్లు. పాత అల్యూమినియం కుక్కరు ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు, గ్యాస్ పొయ్యి ఉందో లేదో ముందే కనుక్కోండి. పచ్చి కరివేపాకు పెట్టెలో పెట్టకండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా ఎయిర్‌పోర్ట్ దాటదు. నిషికసాయ్‌లో మనవాళ్ళ సరుకుల కొట్లున్నాయి.

కాగితాల పని ఒకటే ముఖ్యం. నరితా ఎయిర్‌పోర్ట్‌లోనో హనెదా ఎయిర్‌పోర్ట్‌లోనో దిగగానే రెసిడెన్స్ కార్డు చేతికిస్తారు. ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు ఇద్దరూ కార్డులు, పాస్‌పోర్టులు పట్టుకుని వార్డు ఆఫీసుకి వెళ్తే, కార్డు వెనక అడ్రసు ముద్రించి ఇస్తారు. అది లేనిదే బ్యాంకు పని కదలదు. అక్కడే "గోమి" (చెత్త) అని అడగండి, ఇంగ్లీషులో చెత్త పట్టిక ఇస్తారు. ఫ్రిజ్ తలుపుకి అంటించండి.

ఆ ఫ్రిజ్ సంగతీ చెప్పాలి. తిరిగెళ్ళిపోతున్న సహోద్యోగి ఎవరో "ఊరికే తీసుకో" అంటారు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ, ఏసీ ఈ నాలుగింటినీ వార్డు తీసుకోదు. 2001 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం రీసైక్లింగ్ రుసుము, రవాణా ఖర్చు వదిలించుకునేవాడే కట్టాలి. ఆయన మీకిచ్చేది ఫ్రిజ్ ఒక్కటే కాదు, ఆ బిల్లు కూడా. ఎప్పుడు కొన్నది, ఎన్నేళ్ళు నడుస్తుంది అని చూసుకుని అప్పుడు సరేననండి.