జీతం ఒకటిన, గడువు ఇరవయ్యారున: కార్డు బిల్లులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఇంట్లో మూడు క్రెడిట్ కార్డులున్నాయి. ఒకదాని గడువు 3, ఇంకోదానిది 17, మూడోదానిది 26. జీతం ఒకటో తేదీన పడుతుంది. డబ్బు లేక కాదు, తేదీ దాటిపోయి ఏదో ఒక కార్డుకు లేట్ ఫీజు కడుతూనే ఉన్నాం. ఫోన్లో అలారాలు పెట్టినా ఫలితం లేదు.
– ఒక ఉపాధ్యాయురాలు, కరీంనగర్

జవాబు: అలారం మోగే వేళకు మీరు క్లాసులో ఉంటారు. సాయంత్రం చూద్దాంలే అనుకుంటారు, ఆ సాయంత్రం ఇంకో పని తగులుతుంది. ఇంకో నాలుగు అలారాలు పెట్టినా ఇదే జరుగుతుంది. అందుకని మూడు గడువులనూ జీతం పడే రోజు దగ్గరికి లాక్కురండి.

బిల్లింగ్ సైకిల్ (ఒక బిల్లు నుంచి తర్వాతి బిల్లు దాకా ఉండే కాలం) మార్చమని అడిగే వీలు కార్డుదారుకు ఉంది. రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన నిబంధనల్లో ఇది ఒక్కసారికే పరిమితం. 2024 మార్చి సవరణతో ‘కనీసం ఒకసారి’ అయింది. కొన్ని బ్యాంకుల యాప్‌లోనే మార్చుకోవచ్చు, లేదంటే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాలి. అయితే ఇక్కడ చాలామంది పొరబడతారు. బ్యాంకు మార్చేది స్టేట్‌మెంట్, అంటే నెల బిల్లు, తయారయ్యే తేదీని. గడువు దాని వెంట జరుగుతుంది. స్టేట్‌మెంట్‌కూ గడువుకూ మధ్య కనీసం పద్నాలుగు రోజులు ఉండాలన్నది నిబంధన. చాలా కార్డుల్లో 18 నుంచి 20 రోజులు ఇస్తారు. మీ పాత స్టేట్‌మెంట్ తీసి ఆ రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. 20 రోజులుంటే స్టేట్‌మెంట్ 17న పడేలా అడగండి, గడువు 6 లేదా 7కి వస్తుంది. 18 రోజులే ఉంటే 19 అడగండి. ఫిబ్రవరి పొట్టిది కాబట్టి మార్చిలో గడువు 8 లేదా 9కి జరుగుతుంది, కంగారు పడొద్దు.

బాకీ మొత్తం కట్టేసిన మర్నాడే ఈ మార్పు అడగడం మంచిది. బిల్లు బాకీ ఉండగా చాలా బ్యాంకులు ఒప్పుకోవు. మార్చిన నెలలో సైకిల్ మామూలు కంటే చిన్నదో పెద్దదో అవుతుంది. పెద్దదైతే ముప్ఫై రోజులకు మించిన ఖర్చు ఒకే బిల్లులో పడుతుంది. కాబట్టి మూడు కార్డులనూ ఒకే నెలలో మార్చకండి, నెలకొకటి చొప్పున కానివ్వండి.

ఆ తర్వాత మీకు నెలకు రెండు పనులే. 20న స్టేట్‌మెంట్లు చదవడం, 2న డబ్బు కట్టడం. ఈ రెంటినీ కలపొద్దు. కట్టే రోజున తొందరలో బిల్లు చదవం, చదివినా మనం వాడని సబ్‌స్క్రిప్షన్ గురించో, రెండుసార్లు పడిన పెట్రోలు బంకు లావాదేవీ గురించో అభ్యంతరం చెప్పే వ్యవధి ఉండదు. స్టేట్‌మెంట్ చదివిన రోజే వంటింటి గోడ క్యాలెండర్‌లో 2వ తేదీ గడిలో కార్డు చివరి నాలుగు అంకెలు, కట్టాల్సిన మొత్తం రాసిపెట్టండి. కట్టాక పక్కన లావాదేవీ నంబరు రాయండి. ఇంట్లో ఇద్దరికీ కనబడే చోట ఉంటే ‘నువ్వు కట్టావనుకున్నా’ అనే గొడవ ఉండదు.

ప్రశ్న: బిల్లులో మినిమం (కనీసంగా కట్టాల్సిన మొత్తం) కడితే లేట్ ఫీజు పడదు కదా అని ఇబ్బంది నెలల్లో అదే కడుతున్నాను. ఎంత కట్టినా బాకీ తరగడం లేదు. బ్యాంకువాళ్లు లెక్క తప్పు వేస్తున్నారా?
– ఒక చిరు వ్యాపారి, తెనాలి

జవాబు: లెక్క తప్పు కాదు. మినిమం కడితే తప్పేది లేట్ ఫీజు ఒక్కటే, వడ్డీ కాదు. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. జూన్ 10న రూ.30,000 పెట్టి ఫ్రిజ్ కొన్నారు. జులై 5న స్టేట్‌మెంట్, 25న గడువు. ఆ రోజు 5 శాతం మినిమం, అంటే రూ.1,500 కట్టారు. వడ్డీ నెలకు 3.5 శాతం, ఏడాదికి 42. గడువు దాటిన రోజు నుంచి వడ్డీ వేస్తారని చాలామంది అనుకుంటారు. కానీ అది కొన్న రోజు నుంచే లెక్కకు వస్తుంది. మిగిలిన రూ.28,500 మీదే వేసినా, ఆగస్టు 5 స్టేట్‌మెంట్ వరకు 57 రోజులకు రూ.1,869 అవుతుంది. దానిపై 18 శాతం జీఎస్టీ రూ.336 పైచిలుకు. మొత్తం రూ.2,206. మీరు కట్టింది పదిహేను వందలు, పెరిగింది ఇరవై రెండు వందలు. బాకీ రూ.30,706కు చేరింది! తర్వాతి నెల మినిమంలో ఈ వడ్డీ, పన్ను కూడా కలుస్తాయి కాబట్టి అదీ పెరుగుతుంది.

దీనికంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. పాత బాకీ రూపాయి మిగిలినా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు పోతుంది. జులై 28న అదే కార్డుతో కిరాణా తెస్తే ఆ బియ్యం, నూనె మీద కూడా ఆ రోజు నుంచే వడ్డీ. అందుకే బాకీ తీరేదాకా ఆ కార్డు గీకొద్దు, బీరువాలో పెట్టండి. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయడం అసలే వద్దు. దానికి ఎప్పుడైనా సరే మొదటి రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు.

తీర్చే దారి విషయానికొస్తే, మిగిలిన మొత్తాన్ని ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగొచ్చు. వడ్డీ బాగా తగ్గుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఎంతో ముందే అడగండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని కార్డు మొత్తం తీర్చేయడం 42 శాతం కట్టడం కంటే ఎన్నో రెట్లు నయం. బంగారం తాకట్టు పెట్టడం నామోషీ అనుకుని కార్డు బాకీ మోసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ నామోషీ ఖరీదు పైన లెక్కలో చూశారు కదా.

ప్రశ్న: బిల్లు దానంతటదే కట్టేలా ఆటోపే పెట్టాను. అయినా ఒక నెల లేట్ ఫీజు పడింది, ఇంకో నెల రెండుసార్లు డబ్బు పోయింది. తీసేయమంటారా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: తీసేయొద్దు. ఎక్కడ తేడా వచ్చిందో చూడండి. ఆటోపే పెట్టిన నెలలో అప్పటికే వచ్చిన బిల్లుకు అది వర్తించకపోవచ్చు. మాండేట్ (ఖాతా నుంచి డబ్బు తీసుకోమని మీరిచ్చే అనుమతి) నమోదుకు కొన్ని రోజులు పడుతుంది కాబట్టి మొదటి బిల్లు చేత్తో కట్టాల్సిందే. రెండోది, మాండేట్‌కు గరిష్ఠ పరిమితి ఉంటుంది. మీరు రూ.25,000 అని పెట్టి, పండగ నెలలో బిల్లు రూ.31,000 వస్తే ఆ డెబిట్ తిరస్కరిస్తారు. పరిమితిని మీ అతి పెద్ద బిల్లుకు రెట్టింపు పెట్టుకోండి. మూడోది, ‘మినిమం’, ‘మొత్తం’ అన్న ఎంపికల్లో మినిమం పెట్టి ఉంటే, తెనాలి పాఠకుడి కథ అక్కడే మొదలవుతుంది. ఖాతాలో డబ్బు గడువు ముందు రోజు రాత్రికే ఉంచండి. డెబిట్ తెల్లవారుజామునే రావచ్చు. అది బౌన్సయితే ఖాతా ఉన్న బ్యాంకు ఒక ఛార్జీ, కార్డు బ్యాంకు ఇంకో ఛార్జీ వేస్తాయి.

రెండుసార్లు పోవడానికి కారణం, గడువుకు ఒకట్రెండు రోజుల ముందు మీరు చేత్తో కట్టడం. అప్పటికే డెబిట్ సూచన వెళ్లిపోయి ఉంటుంది. ముందే కట్టాలనుకుంటే నాలుగైదు రోజుల ముందు కట్టేయండి. ఎక్కువ పోయిన డబ్బు కార్డులో మీ పేరనే ఉంటుంది, ఖాతాలోకి తిరిగి వేయమని అడగొచ్చు.

ప్రశ్న: గడువు 25. నేను 27న కట్టాను. సిబిల్ స్కోరు దెబ్బతింటుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈసారికి బయటపడ్డారు. గడువు దాటి మూడు రోజులకు మించితేనే లేట్ ఫీజు వేయాలి, క్రెడిట్ బ్యూరోలకు (అప్పుల చరిత్ర నమోదు చేసి స్కోరు ఇచ్చే సంస్థలకు) తెలపాలి అని రిజర్వ్ బ్యాంకు నిబంధన. వడ్డీకి మాత్రం ఈ మినహాయింపు లేదు. నాలుగో రోజు వచ్చిందంటే ఆలస్యాన్ని 25 నుంచే లెక్కిస్తారు. ఈ మూడు రోజులను ప్రమాదానికే ఉంచుకోండి, అలవాటు చేసుకోకండి. బ్యాంకు ఖాతా నుంచి నెఫ్ట్ పద్ధతిలో డబ్బు పంపడానికి కార్డును కొత్తగా లబ్ధిదారుగా చేర్చితే మొదటి రోజు పరిమితి అడ్డొచ్చి పెద్ద మొత్తం వెళ్లదు. అప్పుడు ఆ మూడు రోజులూ కరిగిపోతాయి.

బ్యాంకులు పదిహేను రోజులకోసారి బ్యూరోలకు వివరాలు పంపాలన్న నిబంధన 2025 జనవరిలో వచ్చింది కాబట్టి ఆలస్యం త్వరగానే కనబడుతుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ – నాలుగూ ఏడాదికో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తెప్పించుకుంటే ఏడాది పొడవునా ఓ కన్నేసి ఉంచినట్టే.

ప్రశ్న: మాల్‌లో ఎవరో అడిగితే తీసుకున్న కార్డు, ఒక్కసారీ వాడలేదు. ఇప్పుడు రూ.590 బాకీ అంటున్నారు.
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: రూ.500 వార్షిక ఫీజు, రూ.90 జీఎస్టీ అయివుంటుంది. మొదటి ఏడాది ఉచితం, రెండో ఏడాది నుంచి ఫీజు అనే షరతు దరఖాస్తులో ఉందేమో చూడండి. వాడని కార్డు స్టేట్‌మెంట్ ఎవరూ తెరవరు, ఇలాంటి బిల్లులు అందుకే కంటపడవు. ఫోన్ చేసి ఫీజు రద్దు అడగండి, వాడలేదంటే తరచూ ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే కట్టేసి, కార్డు మూసేయమని రాతపూర్వకంగా కోరండి. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే మూసేవరకు రోజుకు రూ.500 చొప్పున బ్యాంకే మీకు చెల్లించాలి. అందుకే అభ్యర్థన తేదీ, ఫిర్యాదు నంబరు దాచుకోండి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, రుసుమేమీ ఉండదు.