వాల్ట్‌లో ఫస్ట్ వచ్చినా లిస్టులో పేరు ఎందుకు ఉండదంటే

"ఆసియా ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం గెలిచిన దీపా కర్మాకర్‌కు పారిస్ ఒలింపిక్స్‌లో చోటు ఎందుకు దక్కలేదు? అసలు జిమ్నాస్టులను ఎలా ఎంపిక చేస్తారు?" అని అడిగారు. ఈ ప్రశ్న ఎవరు అడిగినా ముందు వినిపించే జవాబు "రాజకీయాలు". ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ జవాబు తప్పు. అసలు కారణం నాకు 2019లో హైదరాబాద్‌లో ఒక హాలు గోడకు అంటించిన కాగితం మీద కనిపించింది. అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు జిమ్నాస్టిక్స్‌లో చేరింది. సోఫా మీంచి పల్టీలు కొడుతుంటే భయమేసి, కొట్టేదేదో పద్ధతిగా నేర్చుకుని కొట్టనీ అని చేర్పించాం. వారానికి ఆరు రోజులు, తెల్లవారుజామున ఐదున్నరకల్లా స్కూటీ మీద నేనే దింపేదాన్ని. దానికి వాల్ట్ అంటే ప్రాణం. పరిగెత్తుకుంటూ వచ్చి స్ప్రింగ్ బోర్డు మీద ఎగిరి, టేబుల్ మీద చేతులానించి, గాల్లో తిరిగి నిలబడటం. కొన్ని సెకన్లలో అయిపోతుంది. వాళ్ళ కోచ్ సార్ కూడా వాల్ట్ మీదే ఎక్కువ సాధన చేయించేవారు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆ హాల్లో సరిగ్గా ఉన్నది అదొక్కటే. అన్‌ఈవెన్ బార్స్ అంటే ఒకటి ఎత్తులో, ఒకటి కింద ఉండే రెండు అడ్డ కమ్మీలు. వాటిని బిగించి పట్టే తీగల్లో ఒకటి తెగిపోయి నెలల తరబడి అలాగే ఉంది. పై బార్ ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. పిల్లలు కింది బార్ మీదే ఊగి దిగిపోయేవాళ్ళు. బీమ్, అంటే పైన నడిచి విన్యాసాలు చేసే సన్నటి దూలం, ఒక్కటే ఉండేది, దాని ముందు పాతిక మంది పిల్లల వరుస.

2019లో రాష్ట్ర జట్టు సెలక్షన్స్‌కు వెళ్ళాం. వాల్ట్, బార్స్, బీమ్, ఫ్లోర్ (నేల మీది విన్యాసాలు), ఈ నాలుగు ఈవెంట్ల మార్కులు కలిపి, మొదటి ఆరుగురిని తీసుకుంటామన్నారు. మొదట వాల్ట్. అడుగు కదలకుండా దిగింది. ఆ రోజంతటికీ వాల్ట్‌లో అదే ఎక్కువ మార్కు. నేను బయటికి పరిగెత్తి మా ఆయనకు ఫోన్ చేశాను, "సెలెక్ట్ అయినట్టే" అని. అలా అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత బార్స్. అక్కడివి కొత్త బార్స్, తీగలన్నీ బిగుతుగా ఉన్నాయి. మిగతా పిల్లలు వాటిని చూసి సంతోషపడ్డారు. మా అమ్మాయి ముఖం మాత్రం మారిపోయింది. పై బార్ ముట్టుకోక అప్పటికి నాలుగు నెలలు. పట్టు జారకుండా అరచేతులకు మెగ్నీషియం కార్బొనేట్ పొడి రాసుకుంది, దులుపుకుంది, మళ్ళీ రాసుకుంది. కింది బార్ మీద బాగానే చేసింది. పై బార్‌కు ఎగిరినప్పుడు వేళ్ళు తగిలాయి కానీ పట్టు దొరకలేదు. వెల్లకిలా మ్యాట్ మీద పడింది. లేచి మళ్ళీ ఎక్కింది. రెండోసారి కూడా అక్కడే పడింది. పడిన ప్రతిసారీ ఒక పాయింట్ పోతుంది. మూడోసారి పట్టుకుంది, పూర్తి చేసింది, దిగి జడ్జీలకు చేతులెత్తి నమస్కారంగా నిలబడింది. నా పక్కన కూర్చున్న ఒక అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడెవరో నాకు ఈ రోజుకీ తెలియదు.

బీమ్ మీద ఊగింది గానీ పడలేదు. ఫ్లోర్ బాగా చేసింది. మధ్యాహ్నం కాగితం అంటించారు. మొత్తం మార్కుల్లో మా అమ్మాయి ఏడోది. ఆరో పిల్లకూ దీనికీ తేడా 0.8. అంటే ఒక్కసారి తక్కువ పడి ఉంటే లోపల ఉండేది. "అమ్మా, వాల్ట్‌లో నేనే ఫస్ట్ కదా, మరి నా పేరేది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చేదాకా స్కూటీ మీద వెనక నుంచి ఒక్క మాట లేదు. మరుసటి ఏడు కరోనా వచ్చి హాలు మూతపడింది. మళ్ళీ చేరలేదు.

2024 మేలో తాష్కెంట్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో దీపా వాల్ట్‌లో 13.566తో గెలిచినప్పుడు మా ఆయన పేపర్ తెచ్చి "ఇక పారిస్ ఖాయం" అన్నాడు. మా అమ్మాయి తల ఎత్తకుండానే "అది వాల్ట్ నాన్నా. సీటు ఆల్‌రౌండ్‌కి" అంది. ఆల్‌రౌండ్ అంటే నాలుగు ఈవెంట్ల మార్కులూ కలిపిన మొత్తం. మీ ప్రశ్నకు పూర్తి జవాబు అదే. నేను వివరం చెబుతాను, అంతే.

పారిస్‌కు ఆడపిల్లలు 96 మంది, మగవాళ్ళు 96 మంది. అందులో పెద్ద భాగం టీములది. పన్నెండు దేశాలు, దేశానికి ఐదుగురు. 2022 లివర్‌పూల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మొదటి మూడు జట్లు, 2023 ఆంట్వెర్ప్‌లో తర్వాతి తొమ్మిది జట్లు. టీం లేని దేశాలవాళ్ళు ఒక్కొక్కరుగా రావాలి. దానికి దారులు కొన్నే. ప్రపంచ పోటీల్లో ఆల్‌రౌండ్ ర్యాంకో, ఒక ఈవెంట్ ఫైనల్లో స్థానమో బాగుండాలి. లేదా 2024లో కైరో, కాట్‌బస్, బాకు, దోహాల్లో జరిగిన వరల్డ్ కప్పుల్లో ఒక ఈవెంట్‌లో మొదటి ఇద్దరిలో నిలవాలి. కైరోలో మన ఇంకో జిమ్నాస్టు ప్రణతి నాయక్ వాల్ట్‌లో కాంస్యం గెలిచింది, అయినా సిరీస్ మొత్తం లెక్కలో ఆ ఇద్దరిలో చోటు రాలేదు. ఇక మిగిలింది ఖండాల ఛాంపియన్‌షిప్, మనకైతే ఆసియా ఛాంపియన్‌షిప్. అక్కడ ఉన్నది ఒకే ఒక్క సీటు, అదీ నాలుగు ఈవెంట్లూ కలిపిన ఆల్‌రౌండ్‌లో. తాష్కెంట్‌లో ఆ సీటు ఆల్‌రౌండ్‌లో మూడో స్థానంలో వచ్చిన ఫిలిప్పీన్స్ అమ్మాయి ఎమ్మా మలబుయోకు వెళ్ళింది. ముందున్నవాళ్ళ దేశానికి అప్పటికే టీం ఉంది కాబట్టి సీటు ఆమె దాకా వచ్చింది. దీపా స్వర్ణం ఆసియా ఛాంపియన్‌షిప్ చరిత్రలో మన దేశానికి మొదటిది. అయినా పారిస్ లెక్కలో దానికి విలువ లేదు.

పేపర్లవాళ్ళ మీద నాకు ఇక్కడే కోపం. హెడ్డింగ్‌లో స్వర్ణం అని వేస్తారు, ఏ ఈవెంట్‌లో అనేది ఎక్కడో నాలుగో పేరాలో ఉంటుంది. ఒలింపిక్ సీటు దేనికి ఇస్తారో అసలు రాయరు. ఇక చదివినవాళ్ళు రాజకీయాలు అనుకోక ఏమనుకుంటారు?

రాజకీయాలో, మొండి నిబంధనో అనదగ్గది ఏదైనా ఉంటే అది అంతకు ముందు ఏడు జరిగింది. డోపింగ్ నిషేధంతో 21 నెలలు పోటీలకు దూరంగా ఉండి వచ్చిన దీపా, 2023 జులైలో ఆసియా క్రీడల ట్రయల్స్‌లో మొదటి స్థానంలో నిలిచింది. కానీ గడిచిన ఏడాది ప్రదర్శన ఇంత ఉండాలనే ప్రమాణం ఒకటి పెట్టి ఆమెను పంపలేదు. నిషేధంలో ఉన్న మనిషికి గడిచిన ఏడాది ప్రదర్శన ఎక్కడి నుంచి వస్తుంది? ఆ క్రీడలు జరిగిన హాంగ్‌జౌకు మన జిమ్నాస్టుల్లో ప్రణతి ఒక్కతే వెళ్ళింది. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. పారిస్ కథ మాత్రం వేరు.

మన పిల్లల మార్కులు ఈవెంట్లవారీగా విడివిడిగా చూడండి, ఆల్‌రౌండ్‌లో ఎక్కడ వెనకబడుతున్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు. 2016లో రియోలో టెస్ట్ ఈవెంట్ అనే ఒలింపిక్ అర్హత పోటీ జరిగినప్పుడు దీపా మొత్తం 52.698 తెచ్చుకుని ఒలింపిక్స్‌లోకి వెళ్ళింది. మన మగవాళ్ళు 1964లో వెళ్ళాక మళ్ళీ 52 ఏళ్ళకు వెళ్ళిన భారతీయ జిమ్నాస్టు ఆమె, ఆడవాళ్ళలో మొదటిది. ఆ మొత్తంలో వాల్ట్ 15.066, బీమ్ 13.366, ఫ్లోర్ 12.566, బార్స్ 11.700. వాల్ట్‌లో ఆమె చేసిన ప్రొడునోవా అనే ప్రమాదకరమైన విన్యాసం గురించి అందరూ మాట్లాడతారు, నిజమే, అది లేకపోతే వెళ్ళేది కాదు. కానీ ఆ బీమ్ మార్కు లేకపోయినా వెళ్ళేది కాదని నా ఉద్దేశం. స్కూటర్ విడి భాగాలతో చేసిన వాల్ట్ మీద అగర్తలాలో మొదలుపెట్టిన పిల్ల బీమ్ మీద 13 తెచ్చుకోవడం నాకు ప్రొడునోవా కంటే గొప్పగా కనిపిస్తుంది. రియో వాల్ట్ ఫైనల్లో 0.150 తేడాతో పతకం పోయి నాలుగో స్థానం వచ్చిన రాత్రి మా ఇంట్లో ఎవరం నిద్రపోలేదు.

టోక్యో చూడండి. కరోనాతో 2021 ఆసియా పోటీలు రద్దైతే, 2019 ప్రపంచ పోటీల ఫలితాలను బట్టి ఇచ్చిన కోటాలో ప్రణతి వెళ్ళింది. వాల్ట్ 13.466, ఫ్లోర్ 10.633, బీమ్ 9.433, బార్స్ 9.033. ఒకే అమ్మాయి, ఒకే రోజు. వాల్ట్‌కూ బార్స్‌కూ మధ్య నాలుగు పాయింట్లకు పైగా తేడా. ఆ అమ్మాయి ప్రతిభలో లోపమా ఇది? మన హైదరాబాద్ పిల్ల, ఎల్బీ స్టేడియంలో పెరిగిన అరుణా బుద్దారెడ్డి 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో కాంస్యం గెలిచి, వరల్డ్ కప్ వ్యక్తిగత పతకం తెచ్చిన తొలి భారతీయ జిమ్నాస్టు అయింది. ఏ ఈవెంట్‌లో? వాల్ట్‌లోనే. త్రిపుర నుంచి ఒకరు, బెంగాల్ నుంచి ఒకరు, తెలంగాణ నుంచి ఒకరు, ముగ్గురూ వాల్ట్‌లోనే మెరవడం యాదృచ్ఛికం అంటే నేను ఒప్పుకోను. పరికరాలు తక్కువగా ఉన్న చోట ధైర్యం, కాళ్ళ బలం ఉంటే ఎదగగలిగేది ఆ ఒక్క ఈవెంటే. బార్స్ అలా రావు. ఏడో ఏట నుంచి రోజూ పై బార్‌కు వేలాడాలి.

ఒక్క ఈవెంట్ చేసేవాళ్ళకు ఒలింపిక్స్‌లో చోటే లేదా అంటే ఉంది. పైన చెప్పిన వరల్డ్ కప్పుల్లాంటి ఇరుకు దారులు కాక, టీం ఉన్న దేశంలో పుడితే ఇంకో దారి ఉంది. అమెరికా మగవాళ్ళ జట్టులో స్టీఫెన్ నెడొరోసిక్ అని కళ్ళద్దాల అబ్బాయిని చూసే ఉంటారు. అతను చేసేది పొమ్మెల్ హార్స్ ఒక్కటే, అంటే పిడులున్న దిమ్మె మీద చేతులానించి కాళ్ళు గుండ్రంగా తిప్పే ఈవెంట్. టీం ఫైనల్లో ఒక్కో పరికరం మీద ముగ్గురే చేస్తారు, ముగ్గురి మార్కులూ కలుపుతారు. కాబట్టి అక్కడ ట్రయల్స్ ర్యాంకులు వరసగా చూసి ఐదుగురిని తీయరు. ఏ ఐదుగురు కలిస్తే మొత్తం ఎక్కువ వస్తుందో లెక్కేస్తారు. ఆ లెక్కలో అతను సరిపోయాడు. ఫైనల్లో అందరికంటే చివర ఎక్కి 14.866 తెచ్చాడు, 2008 తర్వాత మొదటిసారి వాళ్ళ మగవాళ్ళకు టీం పతకం వచ్చింది. మిగతా ఐదు పరికరాలు చూసుకోవడానికి నలుగురు ఉన్నారు కాబట్టి అతను ఒక్కదాని మీద బతకగలిగాడు. మన పిల్లకు ఆ నలుగురు లేరు. నాలుగూ తనే చేయాలి.

మా చుట్టాలు ఇప్పటికీ అంటారు, "ఆ ఏడేళ్ళు దండగ, ఆ టైమ్‌లో అబాకస్ నేర్పించినా పోయేది" అని. స్కూలువాళ్ళు సెలక్షన్స్ రోజుకు కూడా అటెండెన్స్ ఇవ్వలేదు. అవి నాకు బాధ కలిగించలేదు. తెగిన తీగ ఒక్కటే నన్ను ఇంకా బాధపెడుతుంది. దాన్ని మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. మేం పది మంది తల్లిదండ్రులం తలా కొంచెం వేసుకుని కొనిస్తామన్నాం కూడా. అనుమతి కావాలన్నారు, అది వచ్చేలోపు సెలక్షన్స్ అయిపోయాయి.

మీ పాపను చేర్పించాలని చూస్తుంటే గోడ మీది మెడల్స్ ఫొటోలు చూసి నిర్ణయించుకోకండి. హాల్లోకి వెళ్ళి బార్స్ దగ్గర నిలబడి, నాలుగు వైపులా తీగలు బిగుతుగా ఉన్నాయో లేదో చేత్తో పట్టి చూడండి. పదేళ్ళ పిల్లలు పై బార్ మీద సాధన చేస్తున్నారా అని అడగండి. బీమ్‌కు ఎంతమంది పిల్లలో లెక్కపెట్టండి. తీగ వదులుగా ఉంటే ఆ రోజే అడగండి, మాలాగా సెలక్షన్స్ దాకా ఆగకండి.